పసికందు పొట్టకు కీహోలా? కోతా?

గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే కీహోల్. అపెండిక్స్ వాస్తే కీహోల్. పెద్దవాళ్ల పొట్ట ఆపరేషన్లు ఇప్పుడు చాలావరకు ఇలాగే అయిపోతున్నాయి. మూడు నాలుగు చిన్న రంధ్రాలు, ఒక కెమెరా, ఎదురుగా టీవీ తెర. మర్నాడో ఎల్లుండో ఇంటికి. అందుకే డాక్టర్ "పొట్ట కోసి చేయాలి" అనగానే మనకొచ్చే మొదటి డౌటు ఒక్కటే: ఈ రోజుల్లో కూడా కోతేంటి?

మరి పేషెంట్ వయసు రెండు రోజులైతే? బరువు రెండు కిలోల చిల్లరైతే? పొట్టంతా కలిపి మీ అరచేతి కింద దాగిపోయేంత ఉంటే?

ఊసుపోక అడుగుతున్న ప్రశ్న కాదిది. నిరుడు మా ఇంట్లోకే వచ్చింది. మాది ధర్మపురి. మా అన్న దుబాయ్‌లో పనిచేస్తాడు. (జగిత్యాల జిల్లాలో గల్ఫ్‌కు ఒక్క మనిషినీ పంపని వాడకట్టు దొరకడం కష్టం.) వదినది తొలుసూరు కాన్పు. బాబు పుట్టిన మూడో రోజు నేను హైదరాబాద్‌లో ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి ఉన్నా. వాట్సాప్ వీడియో కాల్‌లో అన్న అడిగాడు: "తమ్మీ, కోతెందుకు చేస్తున్నరు? కీహోల్ చెయ్యమను. పైసలెన్నైనా నేను పంపుత."

ఆ కాల్‌కు జవాబు చెప్పాలంటే ముందు పసిబిడ్డ పేగుకు అడ్డు ఎలా పడుతుందో తెలియాలి.

గేట్లు మూసిన గోదారి

మా ఊరివాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఎగువన శ్రీరాంసాగర్ గేట్లు మూస్తే అక్కడ నీళ్లు నిండుతాయి. ఇక్కడ మా ఘాట్ల ముందు ఇసుక తేలుతుంది. పేగులో అడ్డు పడ్డా ఇంతే. అడ్డుకు పైనున్న పేగు బెలూన్‌లా ఉబ్బుతుంది. కిందిది ఖాళీగా, సన్నగా ఉండిపోతుంది. బిడ్డ తాగిన పాలకు, లోపల ఊరే పసరుకు దిగే దారి లేక నోటివైపు తన్నుకొస్తాయి.

అడ్డు ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి జబ్బు పేరు, ఆపరేషన్ రెండూ మారతాయి.

జీర్ణాశయం దాటగానే వచ్చే పేగు మొదటి ముక్కను డుయోడినం అంటారు. గర్భంలో అయిదారు వారాలప్పుడు ఈ గొట్టం లోపల కణాలతో పూడుకుపోయి, తర్వాతి వారాల్లో మళ్లీ తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే అది డుయోడినల్ అట్రీషియా. సుమారు 5 వేల నుంచి 10 వేల కాన్పుల్లో ఒకటి ఇలా ఉంటుంది. ఎక్స్‌రే తీస్తే రెండు గాలిబుడగలు కనిపిస్తాయి: ఒకటి జీర్ణాశయం, ఇంకోటి ఉబ్బిన డుయోడినం. ఈ పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, కొందరికి గుండెలో లోపం ఉంటుంది. పేగు గురించి వెళ్తే గుండెకు ఎకో ఎందుకు రాస్తున్నారని కంగారుపడేవాళ్లకు కారణం ఇదే.

ఇంకో సంగతి. "అయిదో నెల టిఫా స్కాన్‌లో అంతా నార్మల్ అన్నరు కదా" అని చాలామంది అడుగుతారు. డుయోడినల్ అడ్డు ఆ స్కాన్ నాటికి చాలాసార్లు కనపడదు. ఏడో నెల దాటాక, ఉమ్మనీరు ఎక్కువగా ఉందని స్కాన్‌లో వచ్చినప్పుడు అనుమానం మొదలవుతుంది. కడుపులో బిడ్డ ఉమ్మనీరు మింగుతూ ఉండాలి. మింగింది కిందికి దిగకపోతే బయట పేరుకుంటుంది.

ఇంకా కిందికి, చిన్నపేగు మధ్యలోనో చివర్లోనో తెగినట్టు ఉండేది మరో రకం. దీని వెనక పెద్ద కథే ఉంది. ఇలాంటి పేగు గర్భంలోనే ఎందుకు తెగుతుందో చాలాకాలం ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1950ల్లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఒక కుర్ర సర్జన్, కడుపుతో ఉన్న కుక్కల గర్భంలోని పిల్లకు పేగు రక్తనాళాన్ని కట్టేసి, మళ్లీ లోపల పెట్టి కుట్టి, అది పుట్టేదాకా ఆగి చూశాడు. ఎన్నోసార్లు విఫలమయ్యాక, అచ్చం మనుషుల పిల్లల్లాగే పేగు తెగిన కుక్కపిల్ల పుట్టింది. అంటే గర్భంలో ఆ కాస్త పేగుకు రక్తం అందకపోవడమే కారణమన్నమాట. 1955లో తన సీనియర్ లౌతో కలిసి ఆ సంగతి లాన్సెట్ పత్రికలో రాశాడు. దాంతో ఆపరేషన్ పద్ధతే మారింది. అంతకుముందు రెండు కొసలూ ఉన్నవున్నట్టు కలిపేవారు. రక్తం సరిగా అందని ఆ ఉబ్బిన మొద్దు కొస పనిచేయదు గనక దాన్ని కోసి తీసేసి, మంచి పేగును మంచి పేగుకు కలపడం మొదలుపెట్టారు. చాలామటుకు చనిపోయే పిల్లలు చాలామటుకు బతకసాగారు. ఆ కుర్ర సర్జన్ పేరు క్రిస్టియాన్ బర్నార్డ్. 1967లో ప్రపంచంలో మొదటిసారి మనిషి గుండెను మనిషికి మార్చింది ఆయనే. గుండె మార్పిడి అందరికీ గుర్తుంది. కుక్కపిల్ల పేగు ఎవరికీ గుర్తులేదు.

మూడోది అన్నిటికంటే భయపెట్టేది. గర్భంలో పేగులు కొన్ని వారాలపాటు బొడ్డుతాడులోకి జరిగి, తిరుగుతూ లోపలికొచ్చి తమ చోట్లలో సర్దుకోవాలి. అలా సర్దుకోకపోతే, పుట్టాక ఎప్పుడైనా చిన్నపేగు మొత్తం తన కాడ చుట్టూ తువ్వాలు పిండినట్టు మెలితిరగొచ్చు. దాన్ని వాల్వులస్ అంటారు. రక్తం ఆగిపోతుంది. గంటల్లో పేగు నల్లబడి చచ్చిపోతుంది. రోజుల టైమ్ ఉండదు.

నాలుగోది హిర్ష్‌ప్రంగ్ జబ్బు. ఇందులో దారి తెరిచే ఉంటుంది. పెద్దపేగు చివరి భాగంలో నరాల కణాలు లేక, ఆ ముక్క వదులవ్వదు, మలాన్ని ముందుకు తొయ్యదు. పుట్టిన 24 గంటల్లో రావాల్సిన నల్లటి జిగట విరేచనం రెండు రోజులైనా రాదు. పొట్ట ఉబ్బుతుంది. దాదాపు 5 వేల మందిలో ఒకరికి ఇది ఉంటుంది.

ఇవే అన్నీ కావు. మలద్వారమే లేకుండా పుట్టే పిల్లలూ ఉంటారు. అది మరో వ్యాసమంత విషయం.

రంధ్రం లోపల ఎంత చోటు?

కీహోల్ అంటే రంధ్రంలోంచి లోపలికి తొంగి చూడటం. కానీ పొట్ట గోడ పేగులకు అతుక్కుని ఉంటుంది కాబట్టి ముందు లోపల కార్బన్ డయాక్సైడ్ ఊది, పొట్టను గుడారంలా పైకి లేపాలి. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల ఒత్తిడితో ఊదుతారు. పసిబిడ్డకు 6 నుంచి 8 దగ్గరే ఆగాలి. అంతకు మించితే గాలి కింది నుంచి నెట్టి ఊపిరితిత్తులను, రక్తం గుండెకు తిరిగివెళ్లే సిరలను నొక్కుతుంది. పెద్దల కంటే పసిపిల్లల ఒంట్లోకి ఆ గ్యాస్ ఎక్కువగా ఇంకుతుంది కూడా. మత్తు డాక్టర్ బిడ్డ ఊపిరిని అంతకంతకూ పెంచి దాన్ని బయటికి పంపుతుండాలి. ఊదే గాలి చల్లగా ఉంటే ఒళ్లూ చల్లబడుతుంది. పసిబిడ్డకు చలి ఎంత ప్రమాదమో కాన్పు గదిలో పనిచేసిన ఏ నర్సునైనా అడగండి.

పరికరాలు 3 మిల్లీమీటర్లవి. వాటితో నిమ్మకాయంత జాగాలో, ఒక వైపు ఉబ్బిన పేగును, ఇంకో వైపు సన్నటి పేగును దగ్గరికి తెచ్చి, వెంట్రుకలాంటి దారంతో కుట్లు వేసి, లోపలే ముడి వేయాలి. ఒక్క కుట్టు జారితే పాలు పొట్టలోకి కారతాయి.

ఇక్కడే అడ్డు ఎక్కడన్నది తేల్చేస్తుంది. డుయోడినంలో అడ్డయితే దాని కింద ఉన్న పేగంతా ఖాళీ. గాలి ఊదితే చోటు దొరుకుతుంది, కెమెరాకు దారి కనిపిస్తుంది. అందుకే పసిపిల్లల పేగు అడ్డుల్లో కీహోల్‌కు బాగా నప్పేవాటిలో ఇదొకటి. అదే అడ్డు చిన్నపేగు చివర్లో ఉంటే పైనున్న పేగంతా ఉబ్బి పొట్ట ముందే నిండిపోయి ఉంటుంది. ఇంక గాలికి చోటేది? పైగా ఈ రకంలో ఒకటికి మించి అడ్డులుండొచ్చు. ఓపెన్‌లో అయితే సర్జన్ పేగును మొదలు నుంచి చివరిదాకా వేళ్ల మధ్య నడిపించి చూస్తారు. సెలైన్ ఎక్కించి కిందిదాకా పారుతోందో లేదో పరీక్షిస్తారు. తెర మీద అది అంత తేలిక కాదు. అందుకే చాలాచోట్ల మధ్యే మార్గం ఒకటి నడుస్తోంది: కెమెరాతో అడ్డు ఎక్కడుందో వెతికి, బొడ్డు దగ్గర చిన్న కోతలోంచి ఆ పేగును బయటికి తీసి, చేత్తోనే కలిపి, మళ్లీ లోపల పెట్టేయడం.

బొడ్డంటే గుర్తొచ్చింది. "ఓపెన్" అనగానే పొట్ట మీద పెద్ద గాటు ఊహించుకోనక్కర్లేదు. 1986లోనే టాన్, బియాంకీ అనే సర్జన్లు బొడ్డు చుట్టూ అర్ధచంద్రంలా కోసి ఆపరేషన్ చేసే పద్ధతి చూపించారు. ఆ మచ్చ బొడ్డు ముడతలో కలిసిపోతుంది. వాళ్లు దాన్ని వేరే జబ్బుకు వాడారు. తర్వాత డుయోడినంకీ, చిన్నపేగు అడ్డులకూ సర్జన్లు అదే దారి పట్టారు. కాబట్టి కోతా, రంధ్రమా అన్నంత మాత్రాన మచ్చ ఎంతో తేలదు.

ఆపేసి, మళ్లీ మొదలుపెట్టినవాళ్లు

డుయోడినల్ అట్రీషియాకు ఇప్పుడు చేసే కలుపు పద్ధతి జపాన్ సర్జన్ కిమురా 1977లో చెప్పింది. పై పేగును అడ్డంగా, కింది పేగును నిలువుగా కోసి కలిపితే మధ్యలో వజ్రం ఆకారంలో వెడల్పయిన నోరు వస్తుంది. ఓపెన్‌లో చేసినా, కీహోల్‌లో చేసినా లోపలి పని ఇదే. మార్చేది లోపలికి వెళ్లే తలుపును మాత్రమే.

ఈ కలుపును కీహోల్‌లో మొదట చేసి చూపించింది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ బృందం. 2001లో ఆ సంగతి ప్రచురించారు. మరుసటి ఏడాది అమెరికాలో రోథెన్‌బర్గ్ తన కేసులు రాశారు. అందరూ ఉత్సాహపడ్డారు. నాకు నచ్చింది మాత్రం ఆ తర్వాత జరిగింది. కొన్నేళ్లకు ఉట్రెక్ట్ వాళ్లు తమ కేసులు లెక్క చూసుకుంటే కుట్ల దగ్గర లీకులు మరీ ఎక్కువున్నాయి. దాంతో తామే కీహోల్ ఆపేశారు. లోపల కుట్టే చేయి బాగా తిరిగాక, 2008లో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఫలితాలు బాగున్నాయి. ఇదంతా దాచకుండా పత్రికలో రాశారు. కనిపెట్టినవాళ్లే ఆగి చూసుకున్నారంటే, నేర్చుకునే దశలో ఉన్న చేతికి మన బిడ్డను ఇచ్చే ముందు మనం కాస్త ఆలోచించొచ్చు.

మరి రెండిటినీ పోల్చిన లెక్కలేమంటున్నాయి? డుయోడినం విషయంలో వేర్వేరు ఆస్పత్రుల అనుభవాలు కలిపి చూస్తే, కీహోల్‌కు ఆపరేషన్ టైమ్ ఎక్కువ పడుతుంది. అలవాటున్న చేతుల్లో లీకులు, నోరు బిగుసుకుపోవడాలు ఓపెన్‌తో దాదాపు సమానం. పాలు కాస్త ముందు మొదలవుతాయని, ఇంటికి కాస్త ముందు వెళ్తారని కొన్ని చోట్ల కనిపించింది. కానీ గట్టి పిల్లలకే కీహోల్ ఎంచుకుని ఉంటే ఆ తేడా కీహోల్ వల్లా, పిల్లల బలం వల్లా? జబ్బు అరుదు గనక చీటీలు వేసినట్టు సగం మందిని ఇటు, సగం మందిని అటు పంపి తేల్చడం కష్టం.

అలా తేల్చిన జబ్బు ఒకటుంది. కొన్ని వారాల పిల్లలకు జీర్ణాశయం చివర కండరం గట్టిపడే పైలోరిక్ స్టెనోసిస్. 180 మంది పిల్లలతో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2009లో లాన్సెట్‌లో వచ్చాయి. ఏ ఆపరేషన్ జరిగిందో అమ్మానాన్నలకు, నర్సులకు తెలియకుండా అందరికీ ఒకే రకం కట్లు కట్టారు! కీహోల్ పిల్లలు 18.5 గంటల్లో పూర్తి పాలకు వచ్చారు, ఓపెన్ పిల్లలు 23.9 గంటల్లో. తేడా ఉంది, కీహోల్ గెలిచింది. ఎంతతో? అయిదున్నర గంటలతో.

హిర్ష్‌ప్రంగ్‌లో కీహోల్ లాభం ఇంకా స్పష్టం. పూర్వం స్టోమా పెట్టి, కొన్ని నెలలకు అసలు ఆపరేషన్ చేసి, తర్వాత స్టోమా మూసి, ఇలా మూడుసార్లు కోసేవారు. 1995లో జార్జిసన్ కెమెరా సాయంతో, 1998లో డె లా టోరె పూర్తిగా మలద్వారం గుండానే, ఒకే ఆపరేషన్‌తో పని ముగించొచ్చని చూపారు. అయితే పొట్ట బాగా ఉబ్బి, ఇన్ఫెక్షన్‌తో ఆలస్యంగా వచ్చిన బిడ్డకు ఇప్పటికీ ముందు స్టోమానే దిక్కు.

మెలితిరిగిన పేగు విషయంలో మాత్రం బాణం వెనక్కి తిరుగుతుంది. 1936లో బోస్టన్ సర్జన్ లాడ్ చెప్పిన ఆపరేషనే ఇప్పటికీ ఆధారం. ఓపెన్‌లో చేస్తే లోపల పేగులు కాస్త అతుక్కుంటాయి. వేరే చోట అది చెడ్డదే, తర్వాతెప్పుడో కొత్త అడ్డు తేవచ్చు. ఇక్కడ మాత్రం ఆ అతుకులే పేగు మళ్లీ మెలిపడకుండా పట్టి ఉంచుతాయని సర్జన్ల భావన. కీహోల్ తర్వాత తిరిగి మెలిపడిన కేసులు ఎక్కువగా నమోదయ్యాయి కూడా. పేగు చచ్చిపోతున్న బిడ్డకు ఎలాగూ ఓపెనే. అక్కడ గాలి ఊదుతూ కూర్చునే తీరిక లేదు.

అన్న అడిగిన మాట

ఇప్పుడు మా ఇంటి సంగతి. కాన్పు జిల్లాలోనే ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో అయింది. మొదటి రోజు బాబు పాలు కక్కాడు. "ఉమ్మనీరు మింగిండు, తగ్గుతది" అన్నారు. రెండో రోజు పొద్దున కక్కింది ఆకుపచ్చగా ఉంది. మా అమ్మ గుడ్డ చూపించి "పసరు కక్కుతుండు" అంటే, మళ్లీ అదే జవాబు. మా నాయినమ్మ "దిష్టి తగిలింది, మిరపకాయలు తిప్పి పడెయ్యుండ్రి" అంది. తిప్పారు కూడా. సాయంత్రం డ్యూటీకొచ్చిన ఇంకో నర్సు ఆ గుడ్డ చూసి, "ఇది పచ్చగుంది, ఇక్కడ ఉంచొద్దు, ఇప్పుడే తీస్కపోండ్రి" అంది. ఆ అమ్మాయి చెప్పకపోతే మర్నాడు పొద్దునదాకా అక్కడే ఉండేవాళ్లం.

ధర్మపురి నుంచి జగిత్యాల సుమారు 30 కిలోమీటర్లు. కరీంనగర్ 80కి అటూ ఇటూ. హైదరాబాద్ 230 పైమాటే. మేం కరీంనగర్ చేరి ఎక్స్‌రే తీయిస్తే రెండు బుడగలు కనిపించాయి. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు, సెలైన్ పెట్టారు, పిల్లల సర్జన్ ఉన్న చోటికే వెళ్లాలన్నారు. రాత్రి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటుతుంటే బాబు పాదాలు పట్టుకుని చూశా. చల్లగా ఉన్నాయి.

హైదరాబాద్‌లో వెంటనే థియేటర్‌లోకి తీసుకెళ్లలేదు. ముందు ఒళ్లు వెచ్చబెట్టారు, తగ్గిన షుగర్ సరిచేశారు, ఒంట్లో పోయిన నీళ్లు, లవణాలు ఎక్కించారు, గుండెకు ఎకో తీశారు. గుండెలో చిన్న లోపం ఉందన్నారు, ప్రమాదమైందేం కాదు. మాకేమో ఎందుకింత లేటని ఒకటే ఆత్రం. తర్వాత చదివితే తెలిసింది: డుయోడినల్ అట్రీషియాలో, పేగు మెలిపడలేదని తేలాక, ఇలా కొన్ని గంటలు ఆగి బిడ్డను నిలబెట్టడమే సరైన పని.

అప్పుడే అన్న కాల్. నేను సర్జన్‌ను అడిగా. ఆయన చెప్పింది నాకర్థమైనంతలో ఇది: వాళ్ల దగ్గర కీహోల్ చేస్తారు. నెల నిండి, మంచి బరువుతో, మొదటి రోజే వెచ్చగా వచ్చిన బిడ్డయితే ఆలోచించేవాళ్లు. ఈ బాబు రెండు కిలోల పైచిలుకు, చల్లబడి వచ్చాడు, గుండెలో లోపం ఉంది. ఎక్కువసేపు మత్తు, ఎక్కువసేపు గ్యాస్ వీడికి వద్దు. అదే మాట అన్నకు చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. "సరే తమ్మీ, వాళ్లకేది మంచిగనిపిస్తే అది చెయ్యమను" అన్నాడు. కీహోల్ తలుపు దగ్గరికి మేం చేరేసరికే రెండో రోజు పొద్దున్నుంచి పోయిన గంటలు దాన్ని మూసేశాయి. దుబాయ్ నుంచి ఎంత పంపినా అది తెరుచుకునేది కాదు.

నొప్పి సంగతీ అన్న అడిగాడు. పూర్వం పసిపిల్లలకు నొప్పి అంతగా తెలియదని నమ్మి, నామమాత్రపు మత్తుతో కోసేవారు. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న భారతీయ డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, సరైన నొప్పి మందు ఇచ్చిన నెలతక్కువ పిల్లలే బాగా కోలుకుంటారని చూపించాక ప్రపంచం మారింది. ఇప్పుడు కోతకైనా, రంధ్రానికైనా నొప్పి మందు ఉంటుంది.

బాబుకు ఎనిమిదో రోజు చుక్క చుక్కగా పాలు మొదలయ్యాయి. పదహారో రోజు ఇంటికొచ్చాం. బొడ్డుకు పైన కుడివైపు రెండంగుళాల గీత ఉంది. పొట్ట పెరిగేకొద్దీ అదీ పొడుగవుతుందట.

అసలు లెక్క

2021లో లాన్సెట్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 74 దేశాల్లో 264 ఆస్పత్రులు, పేగు, పొట్ట లోపాలతో పుట్టిన 3,849 మంది పిల్లలు. ధనిక దేశాల్లో 5.6 శాతం మంది చనిపోయారు. మనలాంటి మధ్యాదాయ దేశాల్లో 20.4 శాతం. పేద దేశాల్లో 39.8 శాతం. అదే జబ్బు, చాలామటుకు అదే ఆపరేషన్. బిడ్డ ఆస్పత్రికి చేరేసరికే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ఉందా, ఊపిరికి వెంటిలేటర్ దొరికిందా, రక్తనాళం ద్వారా పోషణ ఇవ్వగలిగారా, ఇలాంటివే చావుబతుకుల్ని ఎక్కువగా తేల్చాయి. కీహోల్‌కూ ఓపెన్‌కూ ఉన్న తేడా ఏ లెక్కలో చూసినా ఇంత పెద్దది కాదు.

ధర్మపురికి వస్తే యమపురి ఉండదని మా ఊళ్లో ఒక మాట. యముడికి గుడి ఉన్న ఊరు మాది, అలాంటివి అరుదు. కానీ పసరు కక్కిన బిడ్డతో మాత్రం ధర్మపురిలో ఆగకూడదు.

కాబట్టి ఫోన్లో ఇది సేవ్ చేసుకోండి. పుట్టిన బిడ్డ ఆకుపచ్చగా కక్కితే, ఒక్కసారే కక్కినా, వేరేదని తేలేదాకా పేగు అడ్డనే అనుకోవాలి. గుడ్డ మీద పడ్డ ఆ రంగును ఫొటో తీయండి. "పసుపా, పచ్చా" అన్న వాదనలో ఆ ఫొటోనే సాక్ష్యం. 24 గంటలు దాటినా నల్ల విరేచనం రాకపోతే, పొట్ట బిగుసుకుని ఉబ్బితే డాక్టర్‌కు చెప్పండి. ఆముదం, గుట్టీ, గ్రైప్ వాటర్, తేనె ఏవీ నోట్లో పోయొద్దు, పాలు కూడా ఆపాలి. దారిలో బిడ్డను తల్లి గానీ, తండ్రి గానీ ఒంటికి ఆనించి పట్టుకుని, టోపీ, మేజోళ్లు వేసి కప్పండి. బయల్దేరే ఆస్పత్రిలోనే పొట్టలోకి గొట్టం వేయించండి. లేకపోతే దారిలో కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కు చెప్పేటప్పుడు "పుట్టిన బిడ్డ, పచ్చటి వాంతి, పిల్లల సర్జన్ కావాలి" అని మూడు ముక్కల్లో చెప్పండి. వెళ్లే చోట పిల్లల సర్జన్ ఉన్నారో లేదో ముందే ఫోన్ చేయించండి. హైదరాబాద్‌లో నీలోఫర్‌లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే ఈ విభాగం ఉంది. 1953లో మొదలైన ఆ ఆస్పత్రికి యువరాణి నీలోఫర్ పేరు పెట్టారు. తన పరిచారిక కాన్పులో చనిపోయిన బాధతో ఆమె పట్టుబట్టి కట్టించారని చెబుతారు.

డబ్బు గురించి: 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. పసిపిల్లల సర్జరీలు కూడా దాని కిందికొస్తాయి. పొలం అమ్మే ముందు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర టేబుల్ దగ్గరికి వెళ్లండి.

సర్జన్‌ను కీహోల్ గురించి అడగొచ్చు, అడగాలి కూడా. ఇలా అడగండి: అడ్డు ఎక్కడుంది? ఇలాంటి పిల్లలకు మీరు కీహోల్ చేస్తున్నారా, ఎన్ని చేశారు? మధ్యలో కష్టమైతే ఓపెన్‌కు మారతారా? మారడమంటే ఫెయిలైనట్టు కాదని ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పి ఉంచండి.

తల్లి సిజేరియన్ అయి అక్కడే ఉండిపోతే, ఆమె పాలు పిండి చల్లగా ఉంచి బిడ్డ ఉన్న ఆస్పత్రికి చేరవేసే ఏర్పాటు మొదటి రోజు నుంచే చూడండి. వారం తర్వాత పాలు మొదలుపెడదామంటే అప్పటికి ఇంకిపోతాయి. డిశ్చార్జ్ పేపర్‌ను ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఫొటో తీసి ఉంచండి. కోతైనా, కీహోలైనా, నెలలకో ఏళ్లకో ఆ పిల్లవాడు మళ్లీ పచ్చగా కక్కితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. వెళ్లగానే చూపించాల్సిన మొదటి కాగితం అదే.